బొడ్డు కోసిన చేతులు

మా అమ్మమ్మకు ఏడు కాన్పులు చేసిన మనిషి పేరు మా ఇంట్లో ఎవరికీ తెలియదు. అమ్మను అడిగాను. చాలాసేపు ఆలోచించి, “మంగలవ్వ అనేటోళ్లం” అంది. చిన్నమ్మను అడిగితే “మంత్రసాని అవ్వ” అంది. ఒకటి కులం, ఇంకొకటి పని. ఇద్దరి ఒంటినీ ఈ లోకంలో అందరికంటే ముందు తాకినవి ఆమె చేతులే. ఆ చేతుల మనిషిని పేరుతో పిలిచిన జ్ఞాపకం ఇద్దరికీ లేదు.

ఊరు వర్నికి దగ్గర్లో, నిజాంసాగర్ కాలువ కింద. 1931లో మంజీర మీద ఆనకట్ట పూర్తయి నీళ్లు వచ్చాక ఈ నేల తీరే మారిపోయింది. కోస్తా జిల్లాల నుంచి రైతులు వచ్చి భూములు కొని క్యాంపులు కట్టుకున్నారు. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ వచ్చింది, పొలాలకు చెరకు వచ్చింది. గుట్టల వైపు లంబాడీ తండాలు, ఊళ్లో పాత కులాలు, కాలువ గట్టు మీద క్యాంపులు, కొంచెం ఎడంగా బడాపహాడ్ దర్గా. పిల్లలు పుట్టాలని, పుట్టినవాళ్లు బతకాలని అన్ని మతాలవాళ్లూ ఆ గుట్ట ఎక్కి మొక్కుకునేవాళ్లు. క్యాంపు భాష ఊరికి నవ్వులాట, ఊరి భాష క్యాంపుకు నవ్వులాట. కానీ నొప్పులు మొదలైన రాత్రి లాంతరు పట్టుకుని అందరూ ఒకే గుడిసెకు నడిచేవాళ్లు.

ఆమె వచ్చీ రాగానే చేసే మొదటి పని మగవాళ్లను వాకిట్లోకి తరిమెయ్యడం. పగలు ఆ ఇంటి గడప బయటే నిలబడే మనిషి, ఆ రాత్రి గడప దాటి లోపలికి వెళ్లి, ఇంటి అత్తగారిని కూడా గదమాయించేది. ఆముదం, వేన్నీళ్లు, ఉతికిన పాత చీరల గుడ్డలు, దూలానికి కట్టిన తాడు. తాడు పట్టించి గొంతుక్కూర్చోబెట్టేది. నడుము నిమిరేది. మిగతాదంతా కాచుకుని కూర్చోవడమే. తెల్లవార్లూ కూర్చునేది. ఎవరైనా తొందరపడితే ఆమె అనే మాట ఒకటి అమ్మకు ఇప్పటికీ గుర్తు: “బిడ్డ తొవ్వ బిడ్డకు ఎరుకే. మీరు ఊకుండ్రి.”

మాయ పడేదాకా బొడ్డు కోసేది కాదు. బిడ్డ ఏడవకపోతే బొడ్డు అలాగే ఉంచి, మాయకు వేడి తగిలించి, ఒళ్లంతా రుద్దేది. పుట్టగానే బొడ్డు కోసెయ్యడం ఆస్పత్రుల్లో ఎన్నో ఏళ్లు పద్ధతిగా సాగింది. కనీసం ఒక నిమిషమైనా ఆగితే బిడ్డకు రక్తం బాగా అందుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇప్పుడు చెబుతోంది. నొప్పుల సమయంలో ఆడమనిషి తనకు నచ్చిన మనిషిని పక్కన ఉంచుకోవాలని కూడా అదే సంస్థ చెబుతోంది. చదువు రాని ఆ ముసలామె ఈ రెండూ ముందే చేసింది. ఎందుకు చేసిందని అడిగితే మాత్రం, “మా అత్త గట్లనే చేసేది” అని ఉండేది.

కూలి చేటెడు వడ్లు, ఒక పాత చీర, ఇంత కల్లు. మగపిల్లవాడైతే ఒక రూపాయి ఎక్కువ. ఆడపిల్ల అయితే ఆ రూపాయి ఉండదు. తల్లి ముఖంతో పాటు ఆమె ముఖమూ చిన్నబోయేది. ఆ తర్వాత ఇరవై ఒక్క రోజులూ వచ్చి బాలింతకు నీళ్లు పోసి, బిడ్డను కాళ్ల మీద బోర్లా పడుకోబెట్టుకుని నూనె రాసి స్నానం చేయించేది. తొట్టెల వేసిన నాడు ఇల్లంతా చుట్టాలతో నిండేది. ఆమెకు మాత్రం ఇంటెనక విస్తరి వేసేవాళ్లు.

అలా ఎందుకు వేసేవాళ్లో తెలియనిది కాదు. పురుడు మైల. రక్తం మైల, మాయ మైల, బొడ్డు కోయడం మరీ మైల. ఆ మైలను ముట్టుకునే పని మంగలి, చాకలి, మాదిగ ఆడవాళ్లకు వదిలేశారు. “మంత్రసానితనం ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలి” అని సామెత. ఇష్టం లేని పని నెత్తిన పడ్డప్పుడల్లా ఈ మాట వాడుకుంటాం. ఇన్ని వందల ఏళ్లు ఆమె పట్టుకున్నది మనల్నే. భాష మాత్రం ఆ పనిలోని రోతనే దాచుకుని, బిడ్డను వదిలేసింది. ఈ సామెత విన్నప్పుడల్లా నాకు కడుపులో దేవినట్టు అవుతుంది.

ఆమెను దేవతను చెయ్యడానికి ఇది రాయడం లేదు. అమ్మమ్మ ఏడు కాన్పుల్లో దక్కినవాళ్లు అయిదుగురే. ఒక మేనమామ పుట్టిన వారానికి పాలు తాగడం మానేశాడు. దవడలు బిగుసుకున్నాయి, ఒళ్లు విల్లులా వంగింది, రెండు రోజుల్లో పోయాడు. గాలి సోకిందన్నారు. అది ధనుర్వాతం. బొడ్డు కోసిన కొడవలి వల్ల వచ్చిందో, కోసిన చోట అద్దిన పేడ బూడిద వల్ల వచ్చిందో, పేడతో అలికిన నేల వల్ల వచ్చిందో. ఇంకొకరు తిరగబడి వచ్చి చనిపోయారు. అడ్డం తిరిగిన బిడ్డ, ఆగని రక్తం, ఫిట్స్ — వీటి ముందు ఆమె చేతులు ఒట్టి చేతులే. బోధన్ దాకా ఎడ్లబండి మీద తీసుకెళ్తే దారిలోనే అయిపోయేది. ముర్రుపాలు పిండి పారబోసి, మూడో రోజు దాకా పంచదార నీళ్లు నాకించడం ఇల్లిల్లూ చేసిన తప్పు. ఆమె దాన్ని ఆపలేదు.

ఆ రోజుల్లో చావుకు గొప్పిల్లు, పేదిల్లు అన్న తేడా తక్కువ. హైదరాబాద్‌లో నిజాం కోడలు నీలోఫర్ దగ్గర పనిచేసే అమ్మాయి 1949లో కాన్పులో చనిపోయింది. ఆ దుఃఖంతోనే యువరాణి పట్టుబట్టి కట్టించిన ఆస్పత్రి 1953లో తెరుచుకుంది. ఈనాటికీ తెలంగాణ పసిపిల్లలకు అదే పెద్ద దిక్కు. అయితే వర్ని నుంచి ఆ ఆస్పత్రికి నూటయాభై కిలోమీటర్లకు పైమాటే. కాన్పు రాత్రి అంత దూరం ఎవరికీ అందేది కాదు.

అవ్వకు మంచిరోజులు కొన్ని వచ్చాయి. అవి గుర్తు చేసుకోకుండా ఆమె పతనం చెప్పడం న్యాయం కాదు.

మంత్రసానులకు శిక్షణ ఇవ్వాలన్న ఆలోచన ఈ దేశంలో పాతది. 1903 నాటికే వైస్రాయ్ భార్య లేడీ కర్జన్ అందుకోసం విక్టోరియా మహారాణి పేరిట ఒక నిధి నడిపించింది. అది మా ఊరి దాకా రావడానికి మూడు తరాలు పట్టింది. 1977లో గ్రామీణ ఆరోగ్య పథకం మొదలైంది. వెయ్యి మంది జనాభాకు శిక్షణ పొందిన ఒక దాయి, అంటే మంత్రసాని, ఉండాలన్నారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో నెల రోజుల పాఠాలు. అయిదు శుభ్రాలు నేర్పారు: చెయ్యి శుభ్రం, పడుకున్న చోటు శుభ్రం, బ్లేడు శుభ్రం, బొడ్డుకు కట్టే దారం శుభ్రం, బొడ్డు మీద ఏమీ రాయకపోవడం. చివరన ఒక డబ్బా ఇచ్చారు. అందులో కత్తెర, సబ్బు, దారం, గోళ్లు రుద్దుకునే బ్రష్షు, ప్లాస్టిక్ గుడ్డ.

ఆ డబ్బా ఆమె జీవితంలో సర్కారు ఇచ్చిన మొదటి గౌరవం. అమ్మ చెబుతుంది — శిక్షణ నుంచి వచ్చాక ఆమె నడక మారిందట. కొడవలి తెస్తే విసిరికొట్టేదట. పేడ బూడిద అద్దబోయిన ముసలమ్మల చేతి మీద చరిచేదట. మా అమ్మ మొదటి కాన్పుకు పుట్టినిల్లు చేరేసరికి అవ్వ నీళ్లు కాచి, బ్లేడు మరగబెట్టి సిద్ధంగా ఉంది. అలా పుట్టినవాణ్ణి నేను.

ఆ పని ఫలితం లెక్కల్లోకీ ఎక్కింది. దేశంలో తల్లీబిడ్డల ధనుర్వాతాన్ని తుడిచిపెట్టిన మొదటి రాష్ట్రంగా 2003లో ఆంధ్రప్రదేశ్‌కు గుర్తింపు దొరికింది. దేశమంతటికీ అది 2015లో వచ్చింది. గర్భిణులకు వేసిన సూదులు ఇందులో పెద్ద కారణం. ఆ సూదుల కోసం ఇంటింటికీ తిరిగిన ఏఎన్ఎం నర్సులది పెద్ద వంతు. అయినా 1992–93లో రాష్ట్రంలో మూడింట రెండొంతుల కాన్పులు ఇళ్లలోనే జరిగాయి. ఆ ఇళ్లలో బ్లేడు మరగబెట్టింది ఎవరు? మా మేనమామను చంపిన జబ్బును ఊరి నుంచి వెళ్లగొట్టిన చేతుల్లో ఆమె చేతులూ ఉన్నాయి. ఆ గుర్తింపు వచ్చిందని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

చెప్పకపోగా, అప్పటికే ఆమె గురించి చాలా దూరంలో తీర్పు అయిపోయింది. 1997లో కొలంబోలో ప్రసూతి మరణాల మీద పెద్దలు సమావేశమై, మంత్రసానులకు శిక్షణ ఇస్తే తల్లుల చావులు తగ్గడం లేదని తేల్చారు. వాళ్లు తప్పుగా తేల్చలేదు. రక్తం ఎక్కించడం, ఆపరేషన్ చెయ్యడం డబ్బాలోని కత్తెరతో అయ్యే పనులు కావు. నైపుణ్యం ఉన్న కాన్పు మనిషి అంటే ఎవరో 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచించింది. డాక్టరు, నర్సు, చదువుకున్న మిడ్‌వైఫ్. ఎంత శిక్షణ పొందినా సరే, మంత్రసాని ఆ మాట కిందికి రాదు.

అదే కాలంలో గోదావరికి అవతల, మన సరిహద్దునే ఉన్న గడ్చిరోలిలో డాక్టర్ అభయ్ బంగ్, రాణీ బంగ్ వేరే దారి చూపించారు. 39 ఊళ్లలో ఊరి ఆడవాళ్లకే పసికందును కాపాడే పని నేర్పారు. మంత్రసానులను పక్కకు తొయ్యకుండా వాళ్లనూ కలుపుకున్నారు. మూడేళ్లలో నెలలోపు శిశువుల చావులు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ పత్రికలో అచ్చయింది. పాత చేతులను పనిలో ఉంచుకుంటూనే కొత్త విద్యను తేవచ్చని అప్పుడే తెలిసింది. తెలిసి కూడా వదిలేశారు.

2005. ఆమె కూలిపోయిన ఏడాది ఇదే. ఏప్రిల్‌లో జననీ సురక్షా యోజన వచ్చింది. ఆస్పత్రిలో కాన్పయిన పేద పల్లె తల్లికి 700 రూపాయలు. ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 అంబులెన్సు మొదలై, కొన్నాళ్లలోనే ఊళ్లకు చేరింది. జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో ఆశా కార్యకర్త వచ్చింది. మూడూ మంచివే. మూడూ ప్రాణాలు నిలబెట్టినవే. మూడింట్లోనూ ఆమెకు చోటు లేదు.

అవ్వ అప్పటికి డెబ్బై దాటింది. ఆమె కోడలికి యాభై. పాతికేళ్లు అత్త పక్కన కూర్చుని చెయ్యి తిరిగిన మనిషి. ఆశా ఎంపికకు నియమాలు పెట్టారు: వయసు 25 నుంచి 45 లోపు, చదువు ఎనిమిదో తరగతి. వేలిముద్ర వేసే కోడలికి ఆ పేజీ చదివి వినిపించారు. ఆమె లేచి ఇంటికి వెళ్లిపోయింది. ఆ సంవత్సరం మొదలు నొప్పులొస్తే ఎవరూ లాంతరు పట్టుకుని రాలేదు. ఫోన్ చేసేవాళ్లు. సైరన్ మోగేది.

ఇంటి కాన్పు తప్పు అన్నారు. ఇంట్లో అయితే ఎవరు చేశారని ఏఎన్ఎం అడుగుతుందన్న భయం పుట్టింది. నెలలు నిండని కాన్పు దారి మధ్యలో అయిపోతే తప్ప కోడలిని ఎవరూ పిలవలేదు. పిలిచినప్పుడు కూడా, “నేను చేసిన అని చెప్పకుండ్రి” అని బతిమాలుకునేది. ఒకప్పుడు ఆ గుడిసె ముందు ఊరంతా వచ్చి నిలబడేది. అదే గుడిసె మనిషి ఇప్పుడు దొంగలా వచ్చిపోయింది.

ఇదే కథ అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో మనకంటే ఎంతో ముందే జరిగింది. అక్కడ నల్లజాతి పేదల కాన్పులు, చాలా చోట్ల తెల్లవాళ్ల కాన్పులు కూడా, నల్లజాతి ముసలమ్మలే చేసేవాళ్లు. 1921లో షెపర్డ్–టౌనర్ చట్టం వచ్చాక ప్రభుత్వ నర్సులు వాళ్లకు శిక్షణ ఇచ్చారు, సంచులు తనిఖీ చేశారు, తెల్లటి ఏప్రాన్లు కట్టించారు. జార్జియాలోని ఆల్బనీ ఊరి మేరీ కోలీ మూడు వేలకు పైగా బిడ్డలను పట్టింది. 1953లో ఆమె పని మీద ‘ఆల్ మై బేబీస్’ అని సినిమా తీసి, మిగతావాళ్లకు పాఠంగా చూపించారు. ఆ తర్వాత ఆస్పత్రులు నల్లవాళ్లకు తలుపులు తెరిచాయి. 1976లో అలబామా రాష్ట్రం ఆ ముసలమ్మల పనిని చట్టవిరుద్ధం చేసింది.  2022 లెక్క చూడండి: ఆ దేశంలో పుట్టిన ప్రతి వెయ్యి మందిలో ఏడాదిలోపు పోయిన తెల్ల పిల్లలు 4.5, నల్ల పిల్లలు 10.9. ఆస్పత్రి అందరికీ వచ్చింది. ఆస్పత్రిలో అందరినీ ఒకేలా చూసే గుణం రాలేదు. తల్లులకు తోడుండే నల్లజాతి ఆడవాళ్ల కోసం ఇప్పుడు అక్కడి సంస్థలు వెతుక్కుంటున్నాయి.

మన లెక్కలూ చెప్పుకోవాలి. 1998–99లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యి మంది పుడితే ఏడాదిలోపు 66 మంది పోయేవాళ్లు. 2019–21 సర్వే నాటికి తెలంగాణలో అది 26కు దిగింది. వందకు 97 కాన్పులు ఆస్పత్రిలోనే. ఈ నలభై ప్రాణాల తేడా ముందు నా దుఃఖం చిన్నది. అవ్వ బతికుంటే ఆమె కూడా ఈ మాటే అనేది.

కానీ అదే సర్వేలో ఇంకో అంకె ఉంది. తెలంగాణలో వందకు 60కి పైగా కాన్పులు కడుపు కోసి చేసినవే. ప్రైవేటు ఆస్పత్రుల్లో 81. మొత్తం కాన్పుల్లో చూస్తే అప్పటికి దేశంలో ఇంత ఎక్కువ ఇంకే రాష్ట్రంలోనూ లేదు. అవసరానికి పది, పదిహేను చాలని 1985లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ముహూర్తం చూసి కోయించుకునేవాళ్లు కొందరు, నొప్పులకు భయపడి కోయమనేవాళ్లు కొందరు, రాత్రంతా కూర్చునే ఓపిక లేక కోసేవాళ్లు కొందరు. పుట్టిన గంటలోపు తల్లిపాలు అందిన బిడ్డలు వందకు 37 మందే. కుట్లు మానక మంచం మీద పడుకున్న తల్లి పాలు ఎలా ఇస్తుంది? రాత్రంతా కాచుకుని కూర్చునే విద్య ఒకటి ఉండేది. దాన్ని మనమే ఇంటెనక విస్తరి దగ్గరే వదిలేసుకున్నాం.

తేడాలూ పోలేదు. అదే సర్వే లెక్కన దేశం మొత్తం మీద ఏడాదిలోపు చావులు వెయ్యికి ఎస్సీ, ఎస్టీ, బీసీలు కాని కులాల్లో 28 అయితే, ఎస్సీల్లో 40.7, ఎస్టీల్లో 41.6. ఊరందరి బిడ్డలనూ పట్టినవాళ్లలో ఎస్సీలూ ఉన్నారు; ఆ ఇళ్లలోనే బిడ్డలు ఇంకా ఎక్కువగా పోతున్నారు.

సర్కారుకు ఈ మధ్య తెలిసొచ్చింది. 2017లో తెలంగాణ ప్రభుత్వం, యూనిసెఫ్, ఫెర్నాండెజ్ ఫౌండేషన్ కలిసి కరీంనగర్‌లో 30 మంది నర్సులతో మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టాయి. 18 నెలల చదువు. సహజ కాన్పు అయ్యేదాకా తోడుండటం, నడిపించడం, కూర్చోబెట్టడం, నడుము నిమరడం నేర్పుతారు. బాన్సువాడ మాతాశిశు ఆస్పత్రికి తల్లిపాలను ప్రోత్సహించే ఆస్పత్రిగా జాతీయ గుర్తింపు వచ్చింది. వర్ని తల్లులకు అది దగ్గర. ఈ వార్తలు చదివి నిజంగా సంతోషించాను. ఆ నర్సమ్మలకు దండం పెడతాను. కానీ ఆ పాఠాలు చెప్పేచోట అవ్వ కోడలి లాంటి ఒక్కర్ని కుర్చీ వేసి కూర్చోబెట్టి, “నీకు తెలిసింది చెప్పమ్మా” అని ఎందుకు అడగలేదు? ఇప్పుడు అడుగుదామన్నా ఆమె లేదు. అత్త పోయిన కొన్నేళ్లకే ఆమె కూడా పోయింది. డబ్బా అటక మీద తుప్పు పట్టింది. మనవరాలు బీడీలు చుడుతుంది. మంత్రసానితనం నేర్చుకున్నావా అని అడిగితే సిగ్గుపడింది.

ఇప్పుడు అవ్వ పనిలో సగం ఆశాలు చేస్తున్నారు. ఆస్పత్రి నుంచి వచ్చిన బిడ్డను మూడో రోజు, ఏడో రోజు, పద్నాలుగు, ఇరవై ఒకటి, ఇరవై ఎనిమిది, నలభై రెండో రోజు చూసి వెళ్లాలి. బరువు తూచాలి, ఒంటి వేడి చూడాలి, పాలు తాగుతున్నాడో లేదో కనిపెట్టాలి. దీనికి ఇచ్చేదాన్ని జీతం అనరు, పారితోషికం అంటారు. ఇది చేటెడు వడ్ల లెక్కే కదా అనిపిస్తుంది నాకు. ఈ ఆడవాళ్లను కూడా రేపెప్పుడో ఇలాగే ఒక కాగితం చదివి వినిపించి ఇంటికి పంపకూడదు.

పుట్టుక నమోదు చేసే ఫారంలో, కాన్పు ఎవరు చేశారన్న ప్రశ్న ఉంటుంది. సర్కారు ఆస్పత్రి, ప్రైవేటు ఆస్పత్రి, డాక్టరు లేదా నర్సు, మంత్రసాని, చుట్టాలు — ఒకదానికి టిక్కు పెట్టాలి. పేరు రాసే చోటు లేదు. ఆ ప్రశ్న ఉన్న భాగాన్ని ఫారం నుంచి చింపి లెక్కల కోసం పైకి పంపేస్తారు. ఊళ్లో మిగిలే భాగంలో ఆ టిక్కు కూడా ఉండదు.

మీ ఇంట్లో ఇంటి కాన్పులో పుట్టినవాళ్లు ఉంటే, వాళ్లను పట్టింది ఎవరో అడగండి. కులం కాదు, పని కాదు, పేరు అడగండి. అడిగి, పుట్టిన తేదీ పక్కన రాసి పెట్టండి. ఆ పేరు చెప్పగలిగినవాళ్లకు ఇప్పుడు ఎనభై ఏళ్లు.